ఇరవై బారల లోతులో కెప్టెన్

పదకొండేళ్ళపాటు ఎనోషా చేసింది ఒకే పని. ముత్యపు చిప్పల పడవ అంచున కూర్చుని, నీటి అడుగున ఉన్న మనిషి తాడు పట్టుకోవడం. ఆ మనిషి షియొజాకి. పద్దెనిమిదో ఏట జపాన్ నుంచి తెల్లదొరల ఏలుబడిలోని థర్స్‌డే ద్వీపానికి వచ్చి అక్కడే ఉండిపోయిన డైవర్. పడవకి కెప్టెన్ కూడా ఆయనే. ఎనోషాది దగ్గర్లోని బాదు ద్వీపం. తుఫానుకి అతని ఇల్లు కూలితే తిరిగి కట్టడానికి షియొజాకి పని మానుకుని నెలరోజులు బాదులో ఉన్నాడు. ఎనోషా రెండో కూతురు నడక నేర్చుకున్నది ఆయన వేలు పట్టుకునే.

1941 మధ్యలో దీవుల కాపలాకి మనుషులు కావాలని సైన్యం అడిగితే, బాదు మగవాళ్ళు ఇంటికొకరు చొప్పున వెళ్ళారు. ఎనోషా కూడా వెళ్ళాడు.

"వెళ్ళు, వెళ్ళు. నీ గురక వినే బాధ ఇక సైన్యానిది" అని షియొజాకి రేవులో నవ్వుతూ సాగనంపాడు.

డిసెంబరులో యుద్ధం వచ్చిపడింది. ఆ వార్త తెలిసిన మూడో రోజు ఉదయం, ఇంకా తిరిగిరాని చిప్పల పడవలను వెనక్కి తెమ్మని ఒక మోటారు లాంచీని పంపారు. దాని మీద కార్పొరల్ డన్‌స్టన్, ముగ్గురు సైనికులు, చిప్పలు దొరికే చోట్లు తెలిసినవాడని ఎనోషా. మధ్యాహ్నానికి ఒక పడవ కనబడింది. తెరచాప మీది ఎర్ర అతుకు ఎనోషా కుట్టిందే.

తాడు పట్టుకుని కూర్చున్నవాడు మైరు, ఎనోషా బావమరిది. తుపాకులు చూసి నోరు తెరిచాడు.

"జపాన్‌తో యుద్ధం. మీ డైవర్‌ని అదుపులోకి తీసుకుంటున్నాం. ఎక్కడ?" అన్నాడు కార్పొరల్.

మైరుకి నవ్వొచ్చింది. "కెప్టెన్‌నా? ఆయనకి యుద్ధం సంగతి ఏం తెలుసు సార్? ఆయన కింద ఉన్నాడు!"

"లాగు పైకి."

"ఇరవై బారల లోతు సార్..."

డన్‌స్టన్ గోధుమ పొలాల్లో పెరిగినవాడు. సముద్రం చూసి ఆరు నెలలు కాలేదు. తనే వంగి తాడు అందుకున్నాడు.

"వదలండి!" ఎనోషా అరిచాడు. తెల్లదొర మీద అతను గొంతెత్తడం అదే మొదటిసారి. "అంత లోతు నుంచి ఒక్కసారిగా లాగితే చచ్చిపోతాడు. లేదంటే కాళ్ళు పడిపోతాయి. ఆపి ఆపి తేవాలి, నలభై నిమిషాలు పడుతుంది."

"శత్రువు కోసం నలభై నిమిషాలు కూర్చోమంటావా?"

ఎనోషా తన తుపాకీని పడవ చెక్కల మీద పెట్టి, మైరు చేతిలోంచి తాడు తీసుకున్నాడు. కార్పొరల్ పట్టు వదిలేశాడు.

నాలుగుసార్లు లాగాడు. పైకి రమ్మని. బదులు వెంటనే వచ్చింది. దాని వెనకే చిన్నగా, త్వరత్వరగా ఇంకో రెండు కుదుపులు.

"ఏమంటున్నాడు?"

"సిగరెట్ ముట్టించి ఉంచమంటున్నాడు." ఆ రెండు కుదుపులు వాళ్ళిద్దరి మధ్యే ఉన్నవి. మైరుకి తెలియవు. లాగిన తీరుకే, తాడు ఎవరి చేతిలో ఉందో కింది మనిషికి అర్థమైపోయింది.

కొన్ని బారలు రాగానే ఆపడం, మళ్ళీ తేవడం. కిందికి గాలి పంపే యంత్రం కొట్టుకుంటూనే ఉంది. చివరికి ఇత్తడి హెల్మెట్ నీళ్ళలోంచి లేచింది. మైరు ముందరి అద్దం తిప్పి తీశాడు. లోపల షియొజాకి ముఖం, చెమటతో మెరుస్తూ, చెవుల దాకా నవ్వు.

"నువ్వేరా తమ్ముడూ! నాకు తెలుసు! సెలవిచ్చారా? ఎన్ని రోజులు?"

అప్పుడు తుపాకులు చూశాడు. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, దాన్నేం చేయాలో తెలియనట్టు.

"ఏమైంది? ఎవరైనా పోయారా?"

"యుద్ధం, కెప్టెన్. మీ వాళ్ళతో."

"మా వాళ్ళా? ఎవర్రా మా వాళ్ళు? నేనిక్కడికొచ్చి ఇరవై ఆరేళ్ళు."

ఎనోషా మోకాళ్ళ మీద కూర్చుని ఆయన సీసపు బూట్ల పట్టీలు విప్పసాగాడు. కార్పొరల్ సిగరెట్ ముట్టించి, షియొజాకి పెదాల మధ్య పెట్టాడు.

థర్స్‌డే ద్వీపంలో జపాన్ వాళ్ళ పేట చుట్టూ ముళ్ళతీగ వేశారు. లోపలున్న షియొజాకిని చూడనివ్వమని ఎనోషా రెండుసార్లు అడిగాడు, కుదరలేదు. తర్వాత అందర్నీ ఓడలో దక్షిణాదికి, నిర్బంధ శిబిరాలకి తీసుకుపోయారు. మార్చిలో పక్కనున్న హార్న్ ద్వీపం మీద బాంబులు పడ్డాయి. ఎనోషా కందకంలో పడుకుని అందరితోపాటు జపాన్ వాళ్ళని తిట్టాడు. యుద్ధం ముగిసేదాకా కాపలా కాశాడు.

తర్వాత తెలిసింది ఒక్కటే, శిబిరంలోంచి షియొజాకిని జపాన్ పంపేశారని. ఉత్తరం రాలేదు. ఏళ్ళ తర్వాత కొత్త జపాన్ డైవర్లు వచ్చినప్పుడు ఎనోషా ఒక్కొక్కరినీ అడిగాడు. ఎవరికీ తెలియదు. అతను మళ్ళీ చిప్పల పడవ ఎక్కలేదు. పగడపు దిబ్బల మీద చేపలు పట్టి బతికాడు.

భార్య ఒకసారి అంది, "నువ్వు లేకపోతే ఆ రోజే చచ్చిపోయేవాడు కదా. కాపాడావు. ఇంకా ఎందుకు బాధ?"

"నవ్వుతూ పైకొచ్చాడే" అన్నాడు ఎనోషా. "నన్ను నమ్ముకుని, నవ్వుతూ వచ్చాడు."

ఆమె ముళ్ళు తీసిన చేప ముక్కని అతని పళ్ళెంలోకి జరిపింది.