ఎండలో నిలబెట్టిన పుట్టినరోజు

మా హైస్కూలు ఉన్న ఊళ్ళో ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఇప్పటికీ ఉన్నాడు. అలాంటివాళ్ళు ఎక్కడికీ పోరు. ఆయనకు పదవంటూ ఏమీ లేదు. ఒకప్పుడు ఆయన భార్య సర్పంచి. ఆవిడ సంతకాలు పెట్టేది, ఆయన మాట్లాడేవాడు. ఆవిడ పదవి ఎప్పుడో అయిపోయింది కానీ ఈయన మాట్లాడటం మాత్రం ఆగలేదు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. వెనకాల ఎప్పుడూ నలుగురు మనుషులు. ఒకడు కారు తలుపు తియ్యడానికి, ఒకడు ఫోన్ పట్టుకోవడానికి, మిగిలిన ఇద్దరూ ఆయన ఏదైనా అన్నప్పుడు నవ్వడానికి.

నేను నర్సీపట్నంలో ఉంటాను. మాకవరపాలెం వైపు వెళ్ళే షేర్ ఆటోలో రోజూ ఆ బడికి వెళ్ళి సోషల్ చెప్పేదాన్ని. ఎనిమిదో తరగతి పిల్లలకు చట్టం ముందు అందరూ సమానమే అనే పాఠం ఉంటుంది. ఆ పాఠం చెబుతున్నప్పుడు కిటికీలోంచి ఆ పెద్దమనిషి ఫ్లెక్సీ కనిపించేది. చేతులు జోడించి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఉండేవాడు. ఎవరికి దణ్ణం పెడుతున్నాడో నాకు ఏనాడూ అర్థం కాలేదు.

మా హెడ్మాస్టరు మహా భక్తుడు. నుదుట విభూతి, దాని మీద కుంకుమ, చేతికి మూడు రంగుల దారాలు. స్లాబు కారుతోందంటే భగవంతుడు చూసుకుంటాడనేవాడు. ఆడపిల్లల బాత్రూముకి తలుపు లేదంటే భగవంతుడు చూసుకుంటాడనేవాడు. ఆయన హయాంలో ఆ బడిలో దేవుడికి ఉన్నంత పని ఇంకెవరికీ ఉండేది కాదు.

ఆ సంవత్సరం ఒంటిపూట బడులు పెట్టిన రోజుల్లో పెద్దమనిషి పుట్టినరోజు వచ్చింది. ముందురోజు హెడ్మాస్టరు మమ్మల్ని స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, పిల్లలందరినీ రోడ్డుకి రెండువైపులా నిలబెట్టాలన్నాడు. కారు రాగానే పూలు జల్లాలట.

"ఎండలు మండిపోతున్నాయి కదండీ" అన్నాను.

"పది నిమిషాల పనమ్మా. ఇలా వస్తారు, అలా వెళ్ళిపోతారు."

"పాఠాల సంగతి?"

"అమ్మా, ఆయన మనకి గేటు వేయించారు" అన్నాడు. గేటు వేయించిన మాట నిజమే. దానిమీద తన పేరు ఎంత పెద్దగా రాయించుకున్నాడంటే, బడి పేరు రాయడానికి చోటు మిగల్లేదు.

పది గంటలకు వస్తానన్నవాడు పదకొండు దాటినా రాలేదు. పిల్లలు చేతుల్లో బంతిపూల రేకలు పట్టుకుని నిలబడ్డారు. రేకలు చెమటకి తడిసి అరచేతులకు అతుక్కుపోయాయి. నేను హెడ్మాస్టరు దగ్గరకు వెళ్ళి, కారు కనబడ్డాక పిలుద్దాం, అందాకా పిల్లల్ని లోపలికి పంపుదామన్నాను. పక్కనే ఉన్న అనుచరుడు ఆకాశంలోకి వేలు చూపించాడు. పైన డ్రోన్ తిరుగుతోంది.

"కెమెరా లెగిసిందండి. ఇప్పుడు కదిలితే లైను సెడిపోద్ది" అన్నాడు.

హెడ్మాస్టరు నావైపు చూసి మెల్లగా తల ఊపాడు. లైను చెడకూడదని ఆయనకూ అనిపించింది కాబోలు.

కాసేపటికి అవతలి వరసలో ఏడో తరగతి పిల్ల కుప్పకూలింది. పాఠం మధ్యలో లేచి అనుమానాలు అడిగే చురుకైన పిల్ల. పడటం పడటం కల్వర్టు అంచు మీద పడింది. కనుబొమ పైన చీరుకుపోయి, రక్తం చెంప మీదుగా కారింది. నేను పరుగెత్తి తలని ఒళ్ళో పెట్టుకునేసరికి, అప్పుడొచ్చింది కారు.

పెద్దమనిషి దిగాడు. దిగి, వెంటనే పిల్ల దగ్గరికి రాలేదు. ఫోన్ పట్టుకునేవాడు సరైన చోటు చూసుకుని నిలబడేదాకా ఆగాడు. అప్పుడు వంగి, నీళ్ళ సీసా మూత తీసి, స్పృహ లేని పిల్ల నోటికి అందించబోయాడు. అలాంటప్పుడు నోట్లో నీళ్ళు పోయకూడదని మేం పిల్లలకే నేర్పిస్తాం. నేను సీసాని పక్కకు తోశాను. సాయంత్రం ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఆ ఫొటో తిరిగింది. కింద 'మానవత్వానికి మారుపేరు' అని రాశారు. ఆయన ముఖం మొత్తం పడింది. పిల్ల ముఖం సగం పడింది. నాది చెయ్యి మాత్రం పడింది.

దారిన పోతున్న షేర్ ఆటో ఆపి పిల్లని ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. కుట్లు పడ్డాయి. దేవుడి దయవల్ల అంతకంటే ఏమీ కాలేదు. తల్లి జీడిపిక్కలు కొట్టే పనిలోంచి అలాగే పరుగెత్తుకొచ్చింది. జీడి అంటి నల్లబడ్డ చేతులతో పిల్లని ముట్టుకోవడానికి భయపడి, మోచేత్తో దగ్గరికి లాక్కుంది.

ఇదంతా అక్కడితో ఆగిపోయేదే. కానీ రోడ్డు మీద పోతున్న ఎవరో, పిల్లలు ఎండలో నిలబడటం, ఆ పిల్ల పడిపోవడం వీడియో తీశారు. అది బయటకు పొక్కింది. విచారణకు అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. హెడ్మాస్టరు మళ్ళీ మమ్మల్ని కూర్చోబెట్టాడు.

"అందరం ఒకే మాట మీద ఉండాలి. పిల్ల ఇంట్లో ఏమీ తినకుండా వచ్చింది. నీరసానికి పడిపోయింది. మిగతా పిల్లలంతా వాళ్ళ సరదా కొద్దీ రోడ్డు మీదికి వచ్చారు."

"ఇది అబద్ధం కదండీ" అన్నాను.

"అబద్ధమెందుకవుతుందమ్మా? సర్దుబాటు. ఆ తర్వాత భగవంతుడు చూసుకుంటాడు."

లెక్కల మాస్టారు గోడ గడియారం వైపు చూశారు. మిగిలినవాళ్ళు నేల వైపు చూశారు. పిల్లలు హోంవర్కు చెయ్యకపోతే చెవులు మెలిపెట్టే వీరులందరూ ఆ గదిలోనే ఉన్నారు.

అబద్ధం విచారణ దాకా కూడా ఆగలేదు. రెండు రోజుల్లో ఊరంతా పాకింది. కన్నకూతురికి తిండి పెట్టని తల్లి అంటూ పిక్కల షెడ్డులో ఆడవాళ్ళే ఆమెను దెప్పడం మొదలుపెట్టారు. ఒకరోజు బడి వదిలే వేళకి ఆమె గేటు దగ్గర నాకోసం నిలబడి ఉంది.

"మేడమండి, నాను ఆ పొద్దు సోడంబలి తాగించే పంపినానండి. ఉల్లిపాయ కూడా నంజుకుంది. మా గుంటనే అడగండి. మీరైనా ఒక్క మాట సెప్పండి."

"ఎవరికి చెప్పనమ్మా?"

"అడిగినోల్లకి సెప్పండి. అడగనోల్లకి వద్దులెండి."

ఆమె అంతకంటే ఏమీ కోరలేదు. పరిహారం మాట గాని, ఆయన్ని ఏదో చెయ్యాలన్న మాట గాని ఎత్తలేదు.

నేను ధైర్యవంతురాలిని కాను. ఆటోవాడు చిల్లర తక్కువిస్తే గట్టిగా అడగలేను. కాలనీ మీటింగులో మాట్లాడమంటే గొంతు పెగలదు. విచారణ రోజు పొద్దున్న స్నానం చేసి దీపం పెట్టి, సింహాద్రి అప్పన్న పటం ముందు కూర్చున్నాను. ఏం అడగాలో మొదట తెలియలేదు. ఆ మనిషికి బుద్ధి చెప్పమని అడగబుద్ధి కాలేదు. దేవుడికి కూడా అయ్యే పని కాదనిపించింది. నా ఉద్యోగం కాపాడమని అడగడానికి సిగ్గేసింది. చివరికి, "స్వామీ, నన్ను అడిగినప్పుడు జరిగింది జరిగినట్టు నా నోటివెంట రానియ్యి. తర్వాత ఏం చేస్తావో నీ ఇష్టం" అన్నాను.

మా ఆయన వంటింటి గుమ్మంలో కాఫీ తాగుతూ విన్నారు. "దేవుడితో చెప్పుకున్నావు కదా. ఇంక ఆఫీసరుతో ఎందుకు?" అన్నారు.

"ఆఫీసరుతో చెప్పడానికే ఈయనతో చెప్పుకున్నాను" అన్నాను. ఆ రోజు మా ఆయన తనే బండి మీద ఆటోస్టాండు దాకా దింపారు.

విచారణ హెడ్మాస్టరు గదిలో జరిగింది. లోపల అడుగుపెట్టగానే చూశాను. హెడ్మాస్టరు కుర్చీలో పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఎవరి మీద విచారణో ఆయనే కుర్చీలో ఉన్నాడు. విచారించాల్సిన అధికారి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కొబ్బరినీళ్ళు తాగుతూ, మాటకు ముందొక సార్, వెనకొక సార్ తగిలిస్తున్నాడు. హెడ్మాస్టరు తన గదిలో తనే నిలబడి, పెద్దమనిషి వైపు ఫ్యాన్ తిప్పుతున్నాడు. పిల్ల తల్లి గుమ్మం బయట నిలుచుంది. ఆమెను లోపలికి రమ్మనాలని ఎవరికీ తోచలేదు.

ఒక్కొక్కరినీ అడిగారు. ఒక్కొక్కరూ అప్పగించిన పాఠం అప్పజెప్పారు. తినకుండా వచ్చిందండీ. నీరసమండీ. పిల్లలే ముచ్చటపడ్డారండీ. లెక్కల మాస్టారు ఇంకొంచెం చొరవ తీసుకుని, ఆ రోజు మబ్బుగా ఉందన్నారు.

గుమ్మంలోంచి తల్లి అంది, "అంబలి తాగించే పంపినానండి బాబూ."

పెద్దమనిషి ఆమె వైపు జాలిగా చూశాడు. "ఇంట్లో ఏమీ లేకపోతే నాకు సెప్పొద్దేటమ్మా? బియ్యం బస్తా పంపించేద్దును కదా" అన్నాడు. నవ్వాల్సిన ఇద్దరూ నవ్వారు. ఆమె తల దించుకుంది. ఒళ్ళు వంచి సొంత కష్టంతో పిల్లని పెంచుకుంటున్న మనిషి, కన్నతల్లికి ముద్ద పెట్టినా ఫొటో తీయించుకునే రకం ముందు తల దించుకుంది. నాకు భయంతో పాటు అసహ్యం కూడా వేసింది. ఆ రెండూ ఒకేసారి వేస్తాయని అప్పుడే తెలిసింది.

నా వంతు వచ్చింది. బల్ల అంచు పట్టుకున్నాను. "అప్పన్నా" అని లోపల ఒక్కసారి అనుకున్నాను.

"ఆ పిల్ల అంబలి తాగే వచ్చిందండీ. ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగితే నా ముందే చెప్పింది. పిల్లలు ముచ్చటపడి రాలేదు, మేమే నిలబెట్టాం. నిలబెట్టమని హెడ్మాస్టరు గారు చెప్పారు. లోపలికి పంపుదామంటే వీరి మనిషి వద్దన్నాడు, పైన కెమెరా ఎగురుతోందని. ఆ రోజు మబ్బు లేదండీ. ఎండదెబ్బకే పడిపోయింది" అన్నాను.

అటెండెన్సు పిలిచే గొంతుతోనే అన్నాను. ఆ గొంతు నాదే. అందులో ఉన్న నిబ్బరం మాత్రం నాది కాదు. నేనెరిగిన నన్ను నేను నమ్ముకుని ఉంటే, మబ్బుగానే ఉందండీ అని ఉండేదాన్ని.

అధికారి రాయడం ఆపేశాడు. పెద్దమనిషి నావైపు మొదటిసారి సరిగ్గా చూశాడు.

"మేడం గారు నర్సీపట్నంలో ఏ వీధిలో ఉంటారండి?" అని మర్యాదగా అడిగాడు.

"కనుక్కోవడం మీకు పెద్ద పని కాదు కదండీ" అన్నాను. తర్వాత అధికారి వైపు తిరిగి, "రాసుకోండి సార్. కావాలంటే మళ్ళీ మొదట్నించి చెబుతాను" అన్నాను.

ఆయన తలెత్తకుండా రాసుకున్నాడు. గదిలో నవ్వేవాళ్ళకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఆయన ఏదో ఒకటి అనకపోతే వాళ్ళకి పని లేదు.

విచారణ అయ్యాక లెక్కల మాస్టారు సైకిల్ స్టాండు దగ్గర అటూ ఇటూ చూసి, "మీరు చెప్పిందే కరెక్టు మేడం" అని గుసగుసలాడారు. "ఆ మాట గదిలో అనాల్సిందండీ" అన్నాను. ఆయన బండి స్టార్టు చేసుకున్నారు. తర్వాత నాతో పెద్దగా మాట్లాడలేదు. అదీ ఒక మేలే.

తల్లి ఆటోస్టాండు దాకా నాతో నడిచి వచ్చింది. నడుస్తూ అడిగింది, "మీకు బయ్యమెయ్యలేదేటండి?"

"వేసింది. చాలా వేసింది."

"మరెలా సెప్పీసినారు?"

"పొద్దున్న అప్పన్నని అడిగాను, నోట మాట రానియ్యమని."

ఆమె ఆగిపోయి నన్ను చూసింది. "నానూ అడిగినానండి ఆ సామిని. మేడం గారి సేత సెప్పించు తండ్రీ అని" అంది.

ఆటో వచ్చింది, ఎక్కి కూర్చున్నాను. నా ప్రార్థనే పనిచేసిందని దారంతా కులాసాగా అనుకుంటూ పోదామనుకున్నదాన్ని, ఎవరి మాట ఆయన విన్నాడో తేల్చుకోలేక ఇల్లు చేరాను.

నివేదికలో పెద్దమనిషి పేరు ఎక్కడా లేదని తర్వాత తెలిసింది. ఎలా ఉంటుంది? కానీ తల్లి తిండి పెట్టే పంపిందన్న సంగతి అందులో ఉంది. బయటివాళ్ళ వేడుకలకు పిల్లల్ని నిలబెట్టకూడదని ఒక ఆర్డరు కూడా వచ్చింది. దాన్ని అసెంబ్లీలో హెడ్మాస్టరే చదవాల్సి వచ్చింది. మంత్రపుష్పమంత వేగంగా చదివేశాడు. అయినా పిల్లలకు అర్థమైంది. పిక్కల షెడ్డులో దెప్పడం మానేశారు. ఒకరిద్దరు ఆడవాళ్ళు ఆమె దగ్గరికొచ్చి తప్పు ఒప్పుకున్నారట.

నన్ను చింతపల్లి అవతల కొండమీది బడికి డెప్యుటేషన్ వేశారు. శిక్ష అని ఎవరూ అనలేదు. అక్కడ సోషల్ టీచర్ అవసరం ఎక్కువగా ఉందట. నిజంగానే ఉంది, వెళ్ళాక చూశాను. ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగినప్పుడల్లా నాకు వాంతులు. కొన్నాళ్ళకు అలవాటైపోయింది. తర్వాతి సంవత్సరం పెద్దమనిషి పుట్టినరోజు ఫంక్షన్ హాల్లో జరిగిందని విన్నాను. పిల్లలు లేరు. ఆయన వయసువాళ్ళే ఆయన మీద పూలు జల్లారట. జల్లుకోనీ. వాళ్ళు పెద్దవాళ్ళు, వాళ్ళ పూలు వాళ్ళిష్టం.

మొన్నామధ్య ఒక ఆదివారం హెడ్మాస్టరు మా ఇంటికొచ్చాడు. సింహాచలం వెళ్ళొచ్చాడట. చేతిలో ప్రసాదం పొట్లం. "ఆ రోజు మీకోసం ఎంతగా ప్రార్థించానో తెలుసా అమ్మా. లోపల నేను మీ పక్షమే" అన్నాడు. నుదుట విభూతి ఎప్పటికంటే దట్టంగా ఉంది. ఆ మాట నిజమేనేమో, నాకు తెలియదు. ఆ రోజు ఆయన చెయ్యి మాత్రం ఫ్యాన్ మీద ఉండటం నేను చూశాను.

పొట్లం అందుకుని కళ్ళకద్దుకున్నాను. అది అప్పన్న ప్రసాదం, ఆయన తెచ్చినంతమాత్రాన దానికేం కాదు. కొంచెం నోట్లో వేసుకుని, మిగిలింది లోపల పెట్టి వచ్చాను. హెడ్మాస్టరు టీ వస్తుందేమోనని వంటింటి వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. నేను టీ పెట్టలేదు.