ముప్ఫై ఏడు అంకెలు

ఫింటాస్‌లో సముద్రం వైపు పోయే వీధిలో బాబ్జాన్ దర్జీ దుకాణం ఉంది. ముందు గదిలో కువైటీ మగవాళ్ళు తొడుక్కునే తెల్లటి దిష్‌దాషాలు కుడతారు. వెనక గదిలో ఆడవాళ్ళు ఇంట్లో వేసుకునే పొడవాటి గౌన్లు కుడతారు. వాటిని అక్కడ దరాలంటారు. వెనక గది అరుణజ్యోతిది. నలభై నాలుగేళ్ళ మనిషి. సొంతూరు అన్నమయ్య జిల్లాలో సంబేపల్లె దగ్గర. ఆమె వేసిన కుట్టు, బట్ట చిరిగినా ఊడదని ఆ వీధిలో పేరుంది.

ఆమె కువైట్‌కు వచ్చింది దర్జీగా కాదు, ఇంటిపనికి. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. దిగిన రోజున విమానాశ్రయంలో ఆమె బ్యాగు రాలేదు. ఎవరిని అడగాలో, ఏ భాషలో అడగాలో తెలియక ఒంటి మీది చీరతోనే ఫింటాస్‌లో యజమాని ఇంటికి చేరింది. ఆ ఇంటి పెద్దావిడను అందరిలాగే తనూ, అమ్మ అనే అర్థంలో, మామా అని పిలవడం నేర్చుకుంది. మామా ఆమెను చూసి ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళి, తన దరాలు మూడు తెచ్చి చేతిలో పెట్టింది. మామా పొడగరి. అరుణజ్యోతి ఆమె భుజం దాకా కూడా రాదు. నడుస్తుంటే అంచులు కాళ్ళకు చుట్టుకుని రెండుసార్లు పడబోయింది. మర్నాడు పొద్దున సైగలతో కత్తెర, సూది అడిగి తీసుకుని, మూడింటినీ తన కొలతకు తగ్గించి కుట్టుకుంది. మామా ఒక దరాను తిరగేసి లోపలి కుట్టు చూసింది. వారం తర్వాత పెద్ద కూతురు వాడకుండా వదిలేసిన కుట్టుమిషన్‌ను వంటింటి పక్క గదిలో పెట్టించింది.

పదహారేళ్ళు ఆ ఇంట్లో గిన్నెలు తోముతూ, పిల్లల్ని పెంచుతూ, మధ్యలో దొరికిన సమయంలో ఆ ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టింది. రెండేళ్ళ కిందట ఇంటిపనివాళ్ళు కంపెనీ వీసాకు మారడానికి సర్కారు కొన్నాళ్ళు వీలిచ్చింది. ఆ మాట అరుణజ్యోతికి తెలియక ముందే మామా కాగితాలు సిద్ధం చేయించింది. తన భర్త దిష్‌దాషాలు కుట్టే బాబ్జాన్‌తో తనే మాట్లాడింది. ఆఫీసులో సంతకం పెట్టి, గిన్నెలు తోమే మనిషి తనకు మరొకరు దొరుకుతారని, ఈ చేతులకు మాత్రం వేరే పని ఉందని అరబ్బీలో చెప్పి, ఖలాస్, ఇక అయిపోయింది, అని కారెక్కింది. కృతజ్ఞత చెప్పడానికి తగిన మాట ఆ రోజు అరుణజ్యోతికి తెలుగులోనే దొరకలేదు, ఇక అరబ్బీలో ఎక్కడ దొరుకుతుంది?

కిందటి నవంబరులో ఒక గురువారం మధ్యాహ్నం, పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ ఒకాయన దుకాణంలోకి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, మన వైపు మనిషిలాగే ఉన్నాడు. మాట్లాడింది మాత్రం సినిమాలు చూసి నేర్చుకున్నట్టున్న హిందీ. తను మారిషస్ దేశపు రగ్బీ జట్టుకు మేనేజర్‌నని చెప్పాడు. బాబ్జాన్‌కు రగ్బీ అంటే ఏమిటో తెలియదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతుల్లో పట్టుకుని పరిగెత్తే ఆటనీ, ఎదుటివాళ్ళు మనిషిని పట్టుకుని పడేస్తారనీ ఆయన వివరించాడు. మర్నాడు సాయంత్రం నాలుగింటికి అహ్మదిలో ఇక్కడి జట్టుతో ఆట ఉంది. జట్టు దిగింది కానీ బట్టల పెట్టెలు దారిలో ఏదో ఊళ్ళో ఆగిపోయాయి. ఇక్కడి క్లబ్బువాళ్ళు జాలిపడి తమ పాత ఎర్ర జెర్సీలు ఇచ్చారు. వాటి మీద నంబర్లు లేవు. నంబరు లేకపోతే రెఫరీ మైదానంలోకి రానివ్వడు. అచ్చు వేసే దుకాణాలవాళ్ళందరూ ఆదివారం రమ్మంటున్నారు.

చేతిలో పెళ్ళివాళ్ళ దరాలున్నాయని, వీలుకాదని బాబ్జాన్ మర్యాదగానే చెప్పాడు. ఆయన బతిమాలలేదు. నేల మీద గొంతుకూర్చుని, చూపించడానికి బయటికి తీసిన జెర్సీలను ఒక్కొక్కటే మడిచి పెట్టెలో పెట్టుకుంటూ, అన్నీ ఉన్నాయో లేవోనని తనలో తనే లెక్కపెట్టుకోసాగాడు.

“ఒకటి, రెండు, మూడు, నాలుగు...”

వెనక గదిలో మిషన్ ఆగిపోయింది. అరుణజ్యోతి తెర పక్కకు జరిపి వచ్చి నిలబడింది. ఆయన తల ఎత్తకుండా ఇరవై మూడు దాకా తెలుగులోనే లెక్కపెట్టాడు.

“మీరు తెలుగోళ్ళా సార్?” అని అడిగింది.

ఆయన ఉలిక్కిపడి చూశాడు. “అవును. తెలుగు. బడిలో నేర్చుకున్నాను” అని, అంతకన్నా ముందుకు పోలేక మళ్ళీ హిందీలోకి వచ్చాడు. ఆయన తాత తండ్రి చెరకు నరకడానికి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి పోయాడట. ఆ ముత్తాత పేరు అప్పన్న. అదే ఇంటిపేరుగా నిలిచిపోయి ఇప్పుడు అందరూ తననీ అప్పన్న అనే పిలుస్తారట. ఇంట్లో మాట్లాడుకునేది అక్కడి క్రియోల్ భాష. తెలుగు ప్రార్థనలకూ పండగలకూ మిగిలింది. చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నాడు కాబట్టి, తప్పు పోకూడని లెక్క ఏదైనా తెలుగులోనే వస్తుందట.

అరుణజ్యోతి పెట్టెలోంచి ఒక జెర్సీ తీసి రెండు చేతులా లాగి చూసింది. బట్ట సాగుతోంది. మెడ దగ్గర కుట్టు సగం వదిలేసింది.

“మనం కుడదామన్నా” అంది బాబ్జాన్‌తో.

“దరాలు బుధవారానికల్లా ఇయ్యాల గదా జ్యోతమ్మా. ఆ పెండ్లోళ్ళు ఊరుకుంటారా?”

“దరాలు నేనిస్తా. ఆ పూచీ నాది. నేనీ దేశంలో దిగిన పొద్దు నా బ్యాగు గూడా రాలేదన్నా. కట్టుబట్టతో నిలబడుంటి. ఒకరు గుడ్డలిచ్చినారు గాబట్టే ఈ పొద్దు ఈ మిషన్ ముందర కూచోనుండా.”

బాబ్జాన్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత బీరువా తెరిచి దిష్‌దాషాల తెల్లబట్ట తాను తీసి బల్ల మీద పరిచాడు. ఆయన ఒప్పుకున్నాడనడానికి అదే గుర్తు.

ఒకటి నుంచి ఇరవై మూడు దాకా నంబర్లు కుట్టాలంటే మొత్తం ముప్ఫై ఏడు అంకెలు కత్తిరించాలి. బాబ్జాన్ అట్ట మీద సున్నా నుంచి తొమ్మిది దాకా గీసి అచ్చులు చేశాడు. మొదట మూడో నంబరు కుట్టారు. కొలత చూద్దామని అప్పన్న ఫోన్ చేసి ఒక ఆటగాణ్ణి పిలిపించాడు. అతని పేరు నోయెల్. తలుపుకు అడ్డంగా నిలబడితే వీధి కనిపించలేదు. జెర్సీ తొడుక్కుని చేతులు పైకెత్తగానే అంకె మూల పటుక్కున లేచిపోయింది. ఎర్రబట్ట సాగుతుంది, తెల్లబట్ట సాగదు. మామూలు కుట్టు ఈ ఆటకు నిలవదు.

అరుణజ్యోతి ఆ అంకెను విప్పేసి ఆలోచించింది. మామా మనవళ్ళు పాకుతూ, దొర్లుతూ మోకాళ్ళ దగ్గర చించుకునే పైజమాలకు తను అతుకులు వేసిన పద్ధతి గుర్తొచ్చింది. ఎర్రబట్టను కొంచెం సాగదీసి పట్టుకుని, అంకె అంచు చుట్టూ వంకర కుట్టు రెండు వరసలు వేసింది. మూలలు గుండ్రంగా కత్తిరించింది. ఈసారి నోయెల్ చేతులెత్తాడు, వంగాడు, తన జెర్సీ పట్టుకుని లాగమని అప్పన్నకు చెప్పాడు. అంకె కదల్లేదు.

దుకాణం మూసేవేళకు రాత్రి పదకొండయింది. శుక్రవారం పొద్దున వీధిలో దుకాణాలన్నీ మూసి ఉంటే, వీళ్ళు షట్టర్ సగం ఎత్తుకుని కూర్చున్నారు. బాబ్జాన్ కత్తిరించి ఇస్తుంటే ఆమె కుడుతూ పోయింది. ఆయన జుమ్మా నమాజుకు వెళ్ళి వచ్చేసరికి చివరి జెర్సీ మిషన్ కింద ఉంది. అప్పన్న వచ్చి మళ్ళీ తెలుగులో లెక్కపెట్టుకుని, వీళ్ళిద్దర్నీ కూడా కారెక్కమన్నాడు. అరుణజ్యోతి సూది, ఎర్రదారం, కత్తెర చేతిసంచిలో వేసుకుంది.

ఆమె అంతకు ముందు ఏ ఆటా మైదానంలో కూర్చుని చూడలేదు. మారిషస్ పిల్లలు వరసగా నిలబడితే ఒకే దేశంవాళ్ళంటే నమ్మకం కలగలేదు. ఒకడు ఆఫ్రికా మనిషిలా, ఒకడు తెల్లవాడిలా, ఒకడు చైనావాడిలా, మరొకడు అచ్చం రాయచోటి బస్టాండులో కనిపించే కుర్రాడిలా ఉన్నాడు. అందరి వీపుల మీదా ఆమె కుట్టిన అంకెలే. ఎనిమిదిమంది ఎనిమిదిమందితో తలలు దూర్చి ఎద్దుల్లా తోసుకుంటుంటే మొదట చేతులతో కళ్ళు మూసుకుంది. తర్వాత వేళ్ళ సందులోంచి చూసింది. ఎదుటివాళ్ళు పట్టుకుంటున్నది మనుషుల్ని కాదు, జెర్సీలని తెలిశాక మరి కళ్ళు మూసుకోలేకపోయింది. బంతి ఎటు పోతోందో ఆమెకు పట్టలేదు. వీపులే చూస్తూ కూర్చుంది.

ఆట సగం దాటాక నోయెల్ భుజం మీద కుట్టు చిరిగి, జెర్సీ చెయ్యి వేలాడుతుంటే మైదానం గీత దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. చిరిగింది క్లబ్బువాళ్ళ పాత కుట్టు. ఆమె బెంచీ ఎక్కి నిలబడి, మనిషి మీదే సూదిదారంతో కుట్టడం మొదలుపెట్టింది. “కదలగాకు నాయినా” అంది. తెలుగు ఒక్క ముక్క రాని ఆ కొండంత మనిషి, సూదిమందు వేయించుకునే పిల్లాడిలా బిర్రబిగుసుకుని నిలబడ్డాడు. ముడివేసి దారం తెంపగానే మళ్ళీ పరిగెత్తాడు.

మూడు పాయింట్ల తేడాతో వాళ్ళు ఓడిపోయారు. కానీ ముప్ఫై ఏడు అంకెల్లో ఒక్కటీ ఊడలేదు. ఆట అయ్యాక జట్టంతా బట్టలు మార్చుకోవడానికి పోకుండా నేరుగా ఆమె దగ్గరికి వచ్చింది. కెప్టెన్ తమ భాషలో ఏదో చెప్పాడు. అప్పన్న దాన్ని హిందీలో వినిపించాడు. తమది చిన్న దీవి అనీ, సొంత ఊళ్ళోనే తమ ఆట చూసేవాళ్ళు తక్కువనీ, ముక్కూమొహం తెలియని చోట తమ కోసం ఒకరు సెలవు పూట కూడా మానుకుని కుట్టారంటే తల్లిదండ్రులకు చెప్పుకుంటామనీ ఆ మాటల సారాంశం. తర్వాత ఇరవై ముగ్గురూ ఒక్కొక్కరే వచ్చి బాబ్జాన్‌తో చేయి కలిపి, ఆమెకు తలవంచి దండం పెట్టారు. ఆమె ఏం చేయాలో తెలియక అందరి చేతులూ పట్టుకుంది. అరచేతులకు మట్టి, గడ్డి అంటుకున్నాయి.

తిరిగి వచ్చే దారిలో కారును మామా ఇంటి దగ్గర ఆపమంది. ప్రతి శుక్రవారం వెళ్ళి మామా తలకు నూనె రాయడం ఆమెకు అలవాటు. ఆ రోజు నూనె రాస్తూ, ఆటగాళ్ళ సంగతంతా చెప్పి, పద్ధెనిమిదేళ్ళుగా చెప్పలేకపోయిన మాట తనకు వచ్చిన అరబ్బీలోనే చెప్పేసింది. ఆ మూడు దరాలు ఇవ్వకపోతే తను ఈ రోజు ఎవరికీ ఏమీ కుట్టి ఉండేది కాదంది. మామాకు ఆ దరాలు గుర్తే లేవు. ఏ రంగువని అడిగింది. ఒకటి ఆకుపచ్చ, రెండు నీలం అని అరుణజ్యోతి చెప్పింది. మామా వెనక్కి చెయ్యి చాచి, తన తల మీద ఉన్న ఆమె వేళ్ళను పట్టుకుంది.

శనివారం జట్టు పెట్టెలు దొరికాయి. మంగళవారం సాయంత్రం రెండో ఆట. సొంత జెర్సీలు వచ్చినా పిల్లలు వాటిని వేసుకోం అంటున్నారని, క్లబ్బువాళ్ళను అడిగి పాతవే ఉంచుకున్నామని అప్పన్న ఫోన్ చేసి చెప్పాడు. ఈసారి ఆమె వెళ్ళలేకపోయింది. పెళ్ళివాళ్ళ దరాలకు ఇంకా అంచులు పడలేదు. బాబ్జాన్ కూడా కత్తెర పట్టుకుని వెనక గదిలోనే కూర్చుని బొత్తాలు కుట్టాడు. ఆరు గంటలు దాటాక ఆమె ఫోన్ మోగింది. వెనక పాటలు, కేకలు. వాటి మధ్య అప్పన్న గొంతు, వాచకంలోని పాఠం అప్పజెబుతున్నట్టు నెమ్మదిగా వినిపించింది.

“అమ్మా, నమస్కారము. మేము గెలిచినాము.”

ఆమె దరా అంచు మిషన్ కింద అలాగే వదిలేసి ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది.

“శానా సంతోసం నాయినా. పిల్లోళ్ళంతా అన్నం తిన్న్యారా?”

అవతల ఆయన ఆ వాక్యంలో తనకు తెలిసిన మాట పట్టుకున్నాడు.

“అన్నం” అన్నాడు నవ్వుతూ. “ఇంకా లేదు. ఇప్పుడు తినెదము.”