గోడ పత్రికలో బిట్‌కాయిన్

మా డిగ్రీ కాలేజీ గోడ పత్రికకు ఎవరైనా రాయవచ్చు. రెండేళ్లుగా దాన్ని చదవడమే తప్ప నేను ఒక్క ముక్కా ఇవ్వలేదు. నా రాతలన్నీ డైరీలోనే ఉండేవి. ఎవరైనా చదివితే మర్నాడు వాళ్ల ముఖం ఎలా చూడాలన్నదే నా భయం.

బిట్‌కాయిన్ పుట్టుక గురించి తెలుసుకున్నాక మాత్రం ఆగలేకపోయాను. బ్యాంకుతో పని లేకుండా ఒకరి నుంచి ఒకరికి చేరే డబ్బును ఎలా తయారుచేయవచ్చో ఎవరో ఒక చిన్న పత్రంగా రాసి, ఇంటర్నెట్‌లో కొందరికి పంపారు. కింద పెట్టింది మారుపేరు. మొదట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువే. ఆ మనిషి ఓపిగ్గా ప్రోగ్రాం రాసి, అడిగినవాళ్లకు జవాబులిచ్చి, పని నడుస్తోందని తేలాక మాయమయ్యారు. ఆడో మగో, ఒక్కరో నలుగురో ఇప్పటికీ తెలియదు. లోకమంతా వెతుకుతుంటే ఎక్కడో కూర్చుని టీ తాగుతూ ఉండవచ్చు. నాకు ఆ మనిషి మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది. సొంత పేరు పెట్టకుండా కూడా రాయవచ్చన్నమాట!

వ్యాసం ఫోన్లో టైపు చేసి, బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపుకు వెళ్లాను.

"కింద పేరు లేదు చెల్లె," అన్నాడు షాపు అన్న.

"వద్దన్నా."

"అయితే నా పేరు పెట్టుకోనా?" అని నవ్వుతూనే ప్రింటు తీసిచ్చాడు.

మర్నాడు అందరికంటే ముందు వెళ్లి గోడకు అతికించాను. ఇంటర్వెల్‌లో అక్కడ గుంపు చేరింది. నేనూ పక్కన నిలబడ్డాను.

"ఎవలు రాసిర్రే గిది?" అని అడిగింది మా క్లాసమ్మాయి.

"నేనే," అంది మా ఊరు బీర్కూర్ నుంచి నాతో ఆటోలో వచ్చే స్నేహితురాలు, చున్నీ సర్దుకుంటూ.

"నువ్వా? లీవ్ లెటర్ గూడ నాతోటి రాయించుకుంటవ్!"

"ఇన్ని దినాలు నా తెలివి దాసుకున్న. ఏం, నమ్మవా?"

తమాషాకే అన్నదని తెలుసు. అయినా ఇద్దరు ముగ్గురు నమ్మేలా ఉన్నారు. నా మొదటి రచన నా కళ్ల ముందే ఇంకొకరిదైపోతోంది.

ఇంతలో ఒకమ్మాయి వ్యాసం మీద వేలు పెట్టింది. "ఇగో, గిండ్లనే ఉంది. బిట్‌కాయిన్ నేనే చేసిన అన్నోళ్లను, అయితే మొట్టమొదటి కాయిన్ల తాళం తీసి చూపెట్టుర్రి అన్నరంట. నువ్వు గూడ రుజువు చూపెట్టు. గోడ దిక్కు చూడకుంట రెండో పేరాల ఏముందో చెప్పు."

"రెండో పేరానా... గదే... మొదటి పేరా అయినంక వస్తది."

వరండా అంతా ఒకటే నవ్వు. అందరికంటే గట్టిగా నేనే నవ్వానేమో.

సాయంత్రం ఆటోలో ఆమె నా చెవి దగ్గరకు వంగింది. "రాసింది నువ్వే గదనే?"

"ఎట్ల తెల్సింది?"

"అందరు గోడను చూస్తుంటే నువ్వొక్కదానివే చదివేటోళ్ల మొఖాలు చూస్తున్నవ్."

ఎవరికీ చెప్పొద్దని చెయ్యి పట్టుకున్నాను.

"చెప్ప తియ్. కానీ ఇంకోటి రాయాలె. లేకుంటే గది నాదే అని ఊరంత చెప్త."

పొలాల మీది గాలికి ఆమె చున్నీ వచ్చి నా ముఖం మీద పడుతోంది. దాన్ని తీసి పక్కకు పెడుతూ ఆలోచించాను. బీర్కూర్ చేరేలోపు కొత్త వ్యాసానికి రెండు వాక్యాలు దొరికాయి. దిగకముందే ఆమెకు చదివి వినిపించినట్టు పైకి చెప్పాను.