వెనుక మూత లేని లౌడ్‌స్పీకర్లు

1978 వర్షాకాలంలో నన్ను మా శాఖ ధ్వని విభాగానికి అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. పేరు పెద్దదే గానీ, సభలకు మైకులు పెట్టడం, అవి కూతపెడితే తిట్లు తినడం అక్కడి పని. చార్మినార్‌కు దగ్గర్లోని మా పాత హాలులో కింది స్థాయి ఉద్యోగులకు క్వార్టర్ల లాటరీ తీస్తారనీ, పేర్లు స్పష్టంగా వినబడే ఏర్పాటు చేయాలనీ మొదటి ఉత్తర్వు అందింది. చీటీలో వచ్చిన పేరును మూడుసార్లు పిలుస్తారు. పలకకపోతే ఇల్లు ఇంకొకరికి పోతుంది.

ఆ హాలుకు ఎత్తైన కప్పు, రాతి గోడలు. అక్కడున్న డబ్బా స్పీకర్లలో ఎవరి పేరు పిలిచినా గుంయ్‌మనే వినబడేది. కొత్తవి కొనే అధికారం నాకు లేదు. సొంతంగా చేసుకోవద్దని మాత్రం ఏ నిబంధనా అనలేదు. అఫ్జల్‌గంజ్‌లో మహమూద్ భాయ్ అనే వడ్రంగి చేత రెండు నిలువు పలకలు కోయించి, ఒక్కోదానికి చిన్న స్పీకర్లను ఒకదాని మీద ఒకటిగా బిగించాను. అలా పేరిస్తే శబ్దం కప్పుకు ఎగబాకకుండా మనుషుల మీదికి వెళ్తుంది. వెనుక మూత పెట్టలేదు. మూత లేకపోతే శబ్దం ముందుకూ వెనక్కూ సమానంగా పోతుంది. పక్కలకు మాత్రం ముందుది వెనుకదాన్ని కొట్టేసి దాదాపు ఏమీ మిగలదు. పలకలను వేదిక మీద నిలబెట్టి, మైకును వాటి మధ్య, సరిగ్గా శబ్దం మిగలని ఆ పక్కన పెడితే స్పీకర్ల శబ్దం తిరిగి మైకులో పడదు, కూత రాదు. గొంతులో గాంభీర్యం కాస్త తగ్గినా మాట తేటపడుతుంది.

"డబ్బా లేకుంట స్పీకర్ ఏంది సాబ్? షాదీల షేర్వానీ లేని దూల్హా లెక్క!" అని మహమూద్ భాయ్ నవ్వాడు. పని మాత్రం చక్కగా చేశాడు.

వేదిక వెనుక వరండాలో మా అటెండర్ రాజమ్మ చాయ్ కాసేది. యాకుత్‌పురాలో ఒక్క గదిలో పిల్లలతో కాపురం. ఆ గదిని ఖాళీ చేయమని ఇంటాయన నెత్తి మీద కూర్చున్నాడు. ఆమె పేరూ చీటీల్లో ఉంది. అయితే లాటరీ రోజు పొయ్యి వదిలి కదలొద్దని ఆమెకు హుకుం.

"గీడికి ఇనబడ్తదా సారూ? గదే నా ఫికర్," అంది. మైకులో ఆమె పేరే చదివాను. "మస్తు ఇనబడ్తుంది సారూ!" అని వరండాలోంచి కేక వచ్చింది. ఆ రోజు నా అంత గొప్ప ఇంజనీరు లేడనిపించింది.

ఆ గొప్పతనం మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈగారు, తనిఖీకి వచ్చేదాకానే. ఆయన పలక చుట్టూ తిరిగి, వెనుక వంగి చెవి పెట్టి, ముఖం చిట్లించారు. "ఏందయ్యా, ఎనక నుంచి గూడ ఆవాజ్ వస్తుంది! ఎవరి కోసం?" అని అక్కడే నోట్ రాశారు: ఉత్పత్తి అయిన ధ్వనిలో సగభాగం శ్రోతలు లేని దిశగా వృథా అగుచున్నది, కావున వెనుక భాగం మూయించవలెను. పైగా డబ్బా లేని వస్తువును స్టాకులో లౌడ్‌స్పీకరుగా చేర్చడం కుదరదట. మైకు సంగతి చెప్పబోతే, శబ్దం కూడా ప్రభుత్వ సొత్తేనని నాకు గుర్తుచేశారు. ఒళ్లు మండిపోయింది. అయినా మూతలు బిగించక తప్పలేదు.

లాటరీ రోజు చీటీలు ఆయనే చదివారు. మొదటి పేరుకే స్పీకర్లు కూతపెట్టాయి. తగ్గిస్తే వినబడదు, పెంచితే కూత. కొందరు తమ పేరేనేమోనని లేచి, కాదేమోనని కూర్చున్నారు. రెండోసారి పిలిచినా ఎవరూ కదల్లేదు. చివరి "మ్మ" తప్ప నాకూ ఏమీ తెలియలేదు. మూడోసారికి ఆయన నోరు తెరవగానే లేచిన కూతకు, ముందు వరుసలోని చీఫ్ ఇంజనీరుగారు రెండు చెవులూ మూసుకున్నారు. నేను చెప్పబోయిన శాస్త్రమంతా చేయలేని పని ఆ రెండు చేతులు చేశాయి.

"నీ మూతలు తీసి అవతల పారెయ్యవయ్యా!" అని ఈఈగారు అరిచారు. నిన్నటిదాకా ఆయనవైన మూతలు ఆ క్షణాన నావయ్యాయి. నేనొకవైపు, తన పలకల పనితనం చూద్దామని వచ్చిన మహమూద్ భాయ్ ఒకవైపు మరలు విప్పేశాం.

"రాజమ్మ, అటెండర్." మూడో పిలుపు హాలంతా తేటగా వినబడింది. వరండాలో గిన్నె పడిన చప్పుడైంది. చాయ్ కెటిల్ చేతిలో ఉండగానే రాజమ్మ వేదిక మీదికి పరుగెత్తుకొచ్చింది.

"ఇంతసేపు ఏడున్నవ్?" అని ఈఈగారు గద్దించారు.

"మీ ఎనకనే ఉన్న సారూ," అంది.

ఇల్లు ఆమెకే వచ్చింది. మూతలు స్టాకులో లౌడ్‌స్పీకరు విడిభాగాలుగా చేరాయి. శ్రోతలు లేని దిశ గురించిన నోట్‌ను ఎవరూ రద్దు చేయలేదు. ఆ తర్వాత ఏ హాలుకు స్పీకర్ల నక్షా గీయాల్సి వచ్చినా, కుర్చీలు ఎటున్నాయో చూసేముందు చాయ్ పొయ్యి ఎక్కడుందో అడిగేవాణ్ణి.