రజిత ఒక్కసారి లేస్తే నేను ఇరవై

ఒక ఎనిమిదేళ్ల పిల్ల నన్ను పట్టపగలు, బడి ముందర, నాలుగు కాళ్ల జంతువును చేసిన ఘోరం చెబుతాను. నవ్వుకోండి గానీ మెల్లగా. నా మోకాళ్లు వింటే ఇప్పటికీ నొచ్చుకుంటాయి.

తొంభైల మొదట్లో సంగతి. కోదాడలో ఉండే మా అక్క కూతురు రజితకు పుట్టుకతోనే కండరాల జబ్బు. కాళ్లలో సత్తువ తక్కువ, నోట్లో మాత్రం నలుగురికి సరిపడా. బడిలో నాలుగో తరగతి గదికి మూడు మెట్లు. తనంతట తాను ఎక్కితే దోస్తులతో కూర్చోవచ్చు, లేదంటే కింద ఒకటో తరగతి గదిలోనే అని హెడ్మాస్టరు తేల్చేశారు. అందుకే ఆ వేసవిలో సూర్యాపేట ఆసుపత్రిలో, పిల్లలకు వ్యాయామం నేర్పే మేడం దగ్గర, మూడు వారాల కసరత్తు. చేతులు ఆనించకుండా స్టూలు మీది నుంచి లేవడం, చెక్కపెట్టె ఎక్కి దిగడం. రోజూ బస్సులో తీసుకెళ్లేది నేను. మిర్యాలగూడ తాలీంలో ఆరు నెలలు కుస్తీ నేర్చి, నా నీడకు కూడా కండలున్నాయని నమ్మిన వయసు నాది.

"అయిదుసార్లకే ఆపుడేంది మేడం? మా తాలీంల పడిపోయేదాక చేపిస్తరు."

"గా ముచ్చట గీడ నడువది తమ్మీ. ఈ పిల్లలు అలిసిపోకముందే ఆపాలె. రెస్టు కూడ కసరత్తే."

చివరి రోజు రజిత మొహం వాడిపోయింది. "మెట్లు ఎక్కలేకపోతే ఎట్ల మామా?"

"ఎందుకెక్కవే? నువ్వొక్కసారి లేస్తే నేను ఇరవై బైఠక్‌లు తీస్త, సూడు!"

"ఒట్టా?"

"తాలీం మీద ఒట్టు!"

అయిదుసార్లు లేచింది. నేను వంద గుంజీలు తీసి, అక్కడున్న తల్లులందరి ముందు ఇంకా మొలవని మీసం మెలేశాను. రజిత చాప మీద వెల్లకిలా పడుకుంది.

"ఏందే, అయిపోయిందా?"

"రెస్టు మామా. మేడం చెప్పింది గద."

మళ్లీ అయిదు. మళ్లీ నాకు వంద. మళ్లీ చాప. మూడో వందలో నా చెమటకు సూర్యాపేట చెరువు నిండి మత్తడి దూకింది.

"మామా, గిది లెక్కల రాదు. మోకాలు వంగలే."

"బిడ్డకు పదిహేను సాలు. నువ్వు గూడ ఆపు తమ్మీ," అంది మేడం.

"పందెం మేడం!" అన్నాను. నిజానికి ఆయాసంతో నోరు మాత్రమే తెరిచాను.

మరునాడు రజిత హాయిగా విశ్రాంతి తీసుకుంది. నేను పడుకుని మూలిగాను. ఆ మరునాడు బడి. ఆమె ఒక మెట్టు ఎక్కింది, ఆగింది. రెండోది. మా అక్క ఊపిరి బిగబట్టింది. మూడోది! అక్క కళ్లు తుడుచుకుంటుంటే, నేను సంచీ భుజాన వేసుకుని "శభాష్" అంటూ కాలెత్తాను. మోకాళ్లు రెండూ ఒకేసారి రాజీనామా ఇచ్చాయి. మొదటి మెట్టు మీద నాలుగు కాళ్లపై నిలిచాను.

"సార్, మా మామకు జర చెయ్యియ్యుండ్రి," అంది పైనుంచి.

హెడ్మాస్టరు కళ్లద్దాలు కిందికి జార్చి నన్ను చూశారు. "అమ్మాయి నాలుగో తరగతిలో కూర్చోవచ్చు. ఈయన్ని మాత్రం కింద ఒకటో తరగతిలో కూర్చోబెట్టండి."

పాఠకులారా, సరిగ్గా విశ్రాంతి తీసుకునే పిల్లలతో ఈ జన్మలో పందెం కట్టనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. కావాలంటే నిలబడి చేస్తాను. కూర్చొని లేవమని మాత్రం అడగకండి.