చెల్లదు గారి సంతకం

చెల్లదు గారి నోట "చెల్లుతుంది" అన్న మాట ఆ ఆఫీసులో విన్నవాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన దేన్నీ మొదటిసారే ఒప్పుకోలేదు. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది, జీతాల విభాగానికి తెలుసేమో. మిగతా అందరికీ ఆయన చెల్లదు గారే. పిలిస్తే పలికేవారు కూడా. కాకపోతే "ఇలా పిలవమని నీకెవరు చెప్పారు?" అని అడిగి మరీ పలికేవారు.

పాపం, ఆయన పనే అలాంటిది. కంప్యూటర్లు తామెవరో ఒకదానికొకటి చెప్పుకోవడానికి డిజిటల్ సర్టిఫికెట్లు చూపించుకుంటాయి. అది అసలుదా, దొంగదా అని తేల్చే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఒకటి ఈ కంపెనీలో తయారవుతుంది. బ్యాంకులూ ఆసుపత్రులూ దాన్ని తెచ్చుకుని తమ ప్రోగ్రాముల్లో పెట్టుకుంటాయి. అందులో ఎవరు ఏ లైన్ రాసినా చెల్లదు గారు చదివి సంతకం పెట్టందే గుమ్మం దాటదు. పొద్దస్తమానం ఎవర్నీ నమ్మకుండా ఉన్నందుకు జీతం తీసుకునే మనిషికి సాయంత్రం ఆరింటికి నమ్మకం ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తుంది?

ఒకరోజు గేటు దగ్గర ఐడీ కార్డుకు బదులు లాండ్రీ చీటీ చూపించారు. సెక్యూరిటీ గార్డు సెల్యూట్ కొట్టి లోపలికి పంపాడు. చెల్లదు గారు నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చారు.

"ఏం చూశావయ్యా?"

"మిమ్మల్నే సార్. రోజూ చూసే మొహమే కదా."

"మొహం చెల్లదు. కార్డు చూడాలి."

మర్నాడు అసలు కార్డే తెచ్చారు. గార్డు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఫొటోలో మీసం ఉంది, మీకు లేదు అని ముప్పావు గంట ఎండలో నిలబెట్టాడు. ఆ ముప్పావు గంటా ఆయన మహదానందంగా నిలబడ్డారు.

ఇంట్లోవాళ్ళకీ మినహాయింపు లేదు. భార్య ఫోన్ చేసినప్పుడల్లా జరిగే సంభాషణ పక్క సీటు ప్రోగ్రామరమ్మాయికి కంఠతా వచ్చేసింది.

"నేనేనండీ."

"నేనంటే?"

"పొద్దున మీ కళ్ళజోడు ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చినదాన్ని."

"ఆఁ, చెప్పు."

ప్రోగ్రామరమ్మాయి ఆ సీట్లో ఏడేళ్ళుగా ఉంది. ఆయన చేత ఒక్క సంతకం పెట్టించుకునేసరికి ఆమెకి తల ప్రాణం తోకకొచ్చేది.

"ఎందుకు చెల్లదు సార్?"

"పేరుండాల్సిన చోట ఏమీ లేకపోతే నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?"

"పేరు లేని సర్టిఫికెట్ ఎవరు పంపుతారు సార్?"

"దొంగ పంపుతాడమ్మా."

ఆమె నిట్టూర్చి మళ్ళీ మొదట్నుంచి రాసేది. ఇంటికెళ్ళి తిట్టుకునేది కూడా, అందులో దాపరికం ఏముంది.

ఇంత జల్లెడ పట్టినా ఒక తప్పు జారిపోయింది. బయటి పరిశోధకురాలెవరో పట్టుకుని చాలా మర్యాదగా ఉత్తరం రాసింది. సర్టిఫికెట్ మీది సంతకం అసలుదేనా అని లైబ్రరీ చూస్తోంది గానీ, ఆ పెట్టినవాడికి సంతకం పెట్టే అధికారం ఉందా అని చూడటం లేదు. హెడ్‌మాస్టరు పెట్టాల్సిన చోట గంట కొట్టే ప్యూను పెట్టినా సరేనంటోంది. ఆ లైన్ రాసింది ప్రోగ్రామరమ్మాయే, ఉద్యోగంలో చేరిన ఏడాది. ఉత్తరం చదవగానే ఆమెకి తన రాత తెలిసిపోయింది.

నాలుగు రోజులు సరిగా తిండీ నిద్రా లేకుండా కూర్చుని ఆ తప్పు దిద్దింది. ఐదో రోజు పొద్దున మేనేజరు అందర్నీ పిలిచాడు.

"నివేదికలో కారకుల పేరు రాయాలి. ఆ పేరు ఎవరిదైతే వాళ్ళు ఇక ఈ ప్రాజెక్టులో ఉండరు."

ఏడేళ్ళ పని గంగలో కలిసిందనుకుంది ఆమె. ఒప్పేసుకుందామని నోరు తెరిచేలోపే చెల్లదు గారు నింపిన ఫారం బల్ల మీద పెట్టారు. కారకులు అన్నచోట ఆయన పేరే ఉంది.

"ఆ లైన్ రాసింది మీరా సార్?" అన్నాడు మేనేజరు.

"రాసినవాళ్ళ పేరు ఇక్కడ చెల్లదు. ఆ లైన్ కింద సంతకం ఎవరిది?"

"మీదే."

"పెట్టే అధికారం ఎవరిది?"

"మీదే."

"మరింకేం కావాలి?"

మేనేజరుకి ఒళ్ళు మండింది. ఇలా ఇంకెన్ని ఉన్నాయో చూద్దామని పాత తప్పుల రిజిస్టరు తెప్పించాడు. మొత్తం నలభై ఒక్క తప్పులు. కారకులు అన్నచోట నలభై ఒక్కసార్లూ చెల్లదు గారి పేరే.

"ఈ రిజిస్టరు ప్రకారం కంపెనీ మొత్తంలో మీ అంత నిర్లక్ష్యపు మనిషి లేడు సార్."

"కాగితం మీద అంతే," అన్నారు చెల్లదు గారు.

మేనేజరు పేజీలు తిప్పుతూ పన్నెండేళ్ళ కిందటి ఒక తప్పు దగ్గర ఆగిపోయాడు. అప్పుడు అతనూ కొత్తగా చేరిన ప్రోగ్రామరే. ఆ తప్పు రాసిన చెయ్యి ఎవరిదో అతనికి బాగా తెలుసు. రిజిస్టరు మూసేశాడు.

"ఎవర్నీ ఎక్కడికీ పంపడం లేదు. వెళ్ళి పని చూసుకోండి," అన్నాడు చివరికి.

అందరూ లేచారు. ప్రోగ్రామరమ్మాయి మాత్రం ఫారం లాక్కుని, ఆయన పేరు కింద తన పేరు రాసి సంతకం పెట్టింది. చెల్లదు గారు వంగి చూశారు.

"చెల్లదు."

"ఎందుకు చెల్లదు సార్? రాసింది నేను, అధికారం నాది."

"నాలుగు రోజులు నిద్ర లేని మనిషి సంతకం చెల్లదమ్మా. ఇంటికెళ్ళి పడుకో."

ఆమెకి వాదించే ఓపిక లేదు. పట్టపగలు ఇంటికెళ్ళి మర్నాటి దాకా పడుకుంది.

పొద్దున్నే వచ్చేసరికి ఫారం ఆమె బల్ల మీద పెట్టి ఉంది. నిన్నటి సంతకం కొట్టేసి, తేదీతో సహా మళ్ళీ పెట్టి, పక్క సీటుకి అందించింది. చెల్లదు గారు కళ్ళజోడు తుడుచుకుని, కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, తీరుబడిగా చూశారు.

"చెల్లుతుంది."

గదిలో టైపింగ్ చప్పుడు ఆగిపోయింది.

"ఈ సంతకమే," అన్నారాయన కంగారుగా. "తప్పు దిద్దుతూ రాశావే, అది చూశాను. మూడో లైన్ చెల్లదు."

ఆమె నవ్వుకుంటూ తన కుర్చీ ఆయన బల్ల దగ్గరికి లాక్కుంది.