చల్లారిన ఇంజన్ని తోసిన రోజు

నా చిన్నప్పుడు నన్ను చూస్తే, కోయంబత్తూరు పక్కన మా పోదనూరు రైల్వే కాలనీ పిల్లలు రెండడుగులు వెనక్కి వేసేవారు. నా చెయ్యి అంత దురుసు. మేము ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడేవాళ్ళం. ఎన్ని తరాలుగా అక్కడే ఉంటున్నా, తగువు వచ్చిందంటే తమిళ పిల్లలు మమ్మల్ని 'గొల్టి' అని వెక్కిరించేవారు. తెలుగువాళ్ళను ఏడిపించడానికి వాళ్ళు దాచుకున్న మాట అది. అది చెవిన పడితే చాలు, నాకు ఒళ్ళు మండిపోయేది. నాకు తెలివి వచ్చేసరికి అన్నవాళ్ళ జడ నా చేతిలో ఉండేది.

ఆ ఏడు మా చర్చి ఆదివారం బడి పిల్లలందరినీ మేట్టుపాళయం నుంచి కొండ రైల్లో కూనూరు తీసుకువెళ్తామన్నారు. అబ్బ, ఎంత సంబరపడ్డానో! రైల్వే కాలనీలో పుట్టి కూడా నేను ఆ రైలు ఎక్కింది లేదు. అయితే మాకు పాఠం చెప్పే పక్కింటి అక్క నన్ను పక్కకు పిలిచి ఒక షరతు పెట్టింది. బయలుదేరేలోగా ఎవరి మీదైనా చెయ్యి చేసుకున్నానా, నన్ను ఇంట్లోనే వదిలేసి వెళ్తారట.

ఇక నేను చేయని ప్రయత్నం లేదు. నీళ్ళకు వెళ్ళేటప్పుడు చేతులు పావడాలో చుట్టుకునేదాన్ని. పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, మనసులో పాటలు పాడుకునేదాన్ని. నాది కాని మంచితనాన్ని నెత్తిన మోస్తూ తిరిగాను. చివరికి కొళాయి దగ్గర ఎదురింటి తమిళ పిల్ల నా బిందె పక్కకు నెట్టి ఆ మాట అననే అంది. పావడాలోంచి చేతులు ఎప్పుడు బయటికి వచ్చాయో నాకే తెలియదు. అక్క ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, "ఇంగ నువ్వు రావద్దు పాప, చెప్పినాను గదా" అంది. ఆ మాటలో కోపం కూడా లేదు, అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

మా తాతయ్య లోకో షెడ్డులో ఫైర్‌మన్. ఇంజనుకు బొగ్గు వేసి ఆవిరి పుట్టించే పని ఆయనది. నా ఏడుపు అంతా విని, మర్నాడు పొద్దున్నే నన్ను షెడ్డుకు తీసుకువెళ్ళాడు. అక్కడ పట్టాల మీద ఒక ఇంజను చల్లారి నిలబడి ఉంది. దాని చక్రం నా కంటే ఎత్తు. "దీన్ని తోసి రెండడుగులు కదిలించు కన్ను, అక్కతో నేను మాట్లాడతాను" అన్నాడు. తమిళంలో ముద్దుగా నన్ను 'కన్ను' అనేవాడు, కాని ఇప్పుడు మొహంలో నవ్వు లేదు.

నేను నిజమనుకున్నాను! చేతులతో తోశాను, భుజంతో తోశాను, వీపు ఆనించి కాళ్ళు తన్నిపెట్టి తోశాను. "ఇంకా గట్టిగా" అంటూ తాతయ్య పక్కన నిలబడి ఉత్సాహపరుస్తుంటే, ఇంజన్లు తుడిచే అన్నలు కూడా నవ్వుతూ వచ్చి భుజం కలిపారు. ఇంజను ఉలకలేదు పలకలేదు. నా అరచేతులు నల్లబడ్డాయి, మోకాలు గీసుకుపోయింది. రైలు ప్రయాణం చేజారిందని అక్కడే కూలబడ్డాను.

అప్పుడు తాతయ్య నన్ను ఇంజను మీదికి ఎక్కించాడు. నూనెలో తడిపిన గుడ్డపీలికలు పారకు చుట్టి వెలిగించి, ఆ పార నా చేతికిచ్చి, ఇంజను కడుపులోకి తోయించాడు. తర్వాత కట్టెలు వేశాడు, ఆపైన బొగ్గు. ఇంటికి వెళ్ళి ఎండుచేపల పులుసుతో అన్నం తిని, ఎండ వాలాక మళ్ళీ వచ్చాం. అమ్మో, అది పొద్దుటి ఇంజనేనా! బుసలు కొడుతోంది, దాని మీద కాలు పెడితే ఒళ్ళంతా అదురుతోంది. డ్రైవరు మామ సరేనన్నాడు. తాతయ్య నా చెయ్యి పిడి మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి మెల్లగా లాగాడు. అంత పెద్ద ఇనుము కదిలింది! నేను పెట్టిన కేకకు షెడ్డు కప్పు మీది పావురాలన్నీ లేచాయి.

తాతయ్య నా కేకలు తగ్గేదాకా ఆగాడు. "అదే చక్రం, అదే ఇనుము. పొద్దున లోపల నిప్పు లేదు, అంతే. నువ్వు నీ కోపాన్ని బయట నిలబడి తోస్తాండావు కన్ను. ప్రభువు నీ లోపలే ఉండాడు గదా. ఆయన్ని సుమ్మా ఊరికే కూర్చోబెట్టి అంతా నువ్వే చేస్తానంటే ఎట్ల? ఆయన చేస్తాడని నమ్మి వదిలిపెట్టు." క్రీస్తు మనలో ఉంటాడని నేను ఆదివారం బడిలో ఎన్నోసార్లు అప్పజెప్పిన పాఠమే అది. కాని ఉన్నవాడు పని కూడా చేస్తాడని నాకు అంతవరకూ తట్టలేదు.

కొద్ది రోజులకే కొళాయి దగ్గర అదే పిల్ల, అదే మాట. ఒళ్ళు అలాగే మండింది, ఆ విషయంలో అబద్ధమెందుకు. కాని ఈసారి పళ్ళు బిగించలేదు. 'ప్రభువా, నా వల్ల కాదు, నువ్వే కానివ్వు' అనుకున్నాను. అంతే, చేతుల్లో బిగువు వదిలిపోయింది. కొట్టబోతానని తల మీద చేతులు పెట్టుకున్న ఆ పిల్ల, దెబ్బ పడకపోయేసరికి తెల్లబోయి చూసింది. "ఏన్ అడిక్కలె?" అంది, ఎందుకు కొట్టలేదని. నాకు వచ్చిన జవాబు ఒక్కటే: "ఉళ్ళ వేరె ఆళు ఇరుక్కారు." లోపల వేరే మనిషి ఉన్నాడని.

వరుసలో వెనక నిలబడి ఉన్న పక్కింటి అక్క ఇదంతా చూసింది. దగ్గరికి వచ్చి నా తల నిమిరి, "శరి, నువ్వూ రా రైలుకి" అంది. నేను ఎగిరి గంతేశాను. గంతేస్తూనే, "ఈమెని కూడా పిలుచుకొని పోదామా అక్కా?" అని అడిగేశాను. అడిగాక నేనే ఉలిక్కిపడ్డాను. ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు. కోపం ఆపుకోవడం వరకే నేను కోరుకున్నాను. ఆయన అక్కడితో ఆగలేదు. కొండ రైల్లో మేమిద్దరం ఒకే కిటికీ పంచుకుని, సొరంగం వచ్చిన ప్రతిసారీ గొంతు పోయేలా అరిచాం!

ఇప్పుడు నాకు మనవలున్నారు. కోపం నన్ను విడిచి పోయిందనుకుంటారు చూసినవాళ్ళు. ఎక్కడికీ పోలేదు. నేను ఒక్కదాన్నే నెట్టుకొద్దామనుకున్న రోజున ఇప్పటికీ ఓడిపోతాను. ఆయనకు వదిలిన రోజున గెలుస్తాను, ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోతాను. మొన్న ఆసుపత్రి వరుసలో నా వయసే ఉన్న ఒకావిడ నన్ను తోసుకుంటూ ముందుకు పోయి, పైగా నన్నే కసిరింది. 'నువ్వే కానివ్వు ప్రభువా' అనుకున్నాను. నా చెయ్యి లేచింది. లేచి, నిలబడలేక తూలుతున్న ఆమె మోచేతిని పట్టుకుంది.